విండోస్‌లో నడిచి సర్వర్ మీద ఆగిపోయే ప్రాజెక్టు: సెట్టింగ్స్‌లో పాత్‌లు ఎలా రాసుకోవాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. చీమకుర్తిలో ఒక గ్రానైట్ యార్డుకి, ఈ ప్రశ్న అడిగిన తమ్ముడు జాంగోలో (పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే సాధనం) సైట్ చేశాడు. తన ల్యాప్‌టాప్ విండోస్, కలిసి పనిచేసే స్నేహితుడిది మ్యాక్, సర్వర్ ఉబుంటు లైనక్స్. ల్యాప్‌టాప్‌లో అంతా బాగానే ఉంది. సర్వర్ మీద పెట్టాక మూడు తేడాలు వచ్చాయి. ఒకటి, టెంప్లేట్ (వెబ్ పేజీకి అచ్చులాంటి ఫైలు) దొరకలేదని ఎర్రర్. రెండు, గ్యాలరీలో కొన్ని పలకల ఫోటోలు వస్తున్నాయి, కొన్ని రావడం లేదు. మూడు, వెబ్ పేజీలో చక్కగా కనిపించే పాత ఫోటోలే కొటేషన్ పీడీఎఫ్‌లో ఖాళీ డబ్బాలుగా వస్తున్నాయి. "సెట్టింగ్స్‌లో విండోస్ అయితే ఈ పాత్ (ఫైలు ఎక్కడుందో చెప్పే దారి), లైనక్స్ అయితే ఆ పాత్ అని ఇఫ్ పెట్టమంటారా అన్నా?" అని అడుగుతున్నాడు.

వద్దు తమ్ముడూ. ఇవాళ రెండు పెడతావు, రేపు మ్యాక్ కోసం మూడోది, ఎల్లుండి డాకర్‌లోకి (ప్రోగ్రామ్‌ని దాని సరంజామాతో సహా ఒక పెట్టెలో పెట్టి నడిపే సాధనం) మారితే నాలుగోది. పైగా లైనక్స్ కోసం రాసిన లైను నీ ల్యాప్‌టాప్‌లో ఒక్కసారి కూడా నడవదు. అందులో తప్పుంటే అది కస్టమర్ ముందే బయటపడుతుంది.

నువ్వు మూడూ ఒకటే జబ్బు అనుకుంటున్నావు. కాదు, దేని కారణం దానిదే. ఒక్కోటీ చూద్దాం. కోడ్ ముక్కల్ని చదవడానికి వీలుగా తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు మామూలుగానే ఇంగ్లిష్‌లో కొట్టుకో.

మొదటిది. నువ్వు పెట్టిన సెట్టింగ్స్‌లో టెంప్లేట్ల దగ్గర ఇలా ఉంది:

బేస్_డిర్ / 'యార్డ్\హెచ్‌టీఎంఎల్'

ఇది విండోస్‌లో పనిచేయడం నీ అదృష్టం. పైథాన్ స్ట్రింగ్‌లో, అంటే కోట్స్ మధ్య రాసే టెక్స్ట్‌లో, బ్యాక్‌స్లాష్‌కి (\) వేరే పని ఉంది. దాని పక్కన చిన్న ఎన్ ఉంటే కొత్త లైను, చిన్న టి ఉంటే ట్యాబ్, చిన్న బి ఉంటే బ్యాక్‌స్పేస్. హెచ్‌కి అలాంటి అర్థం లేదు కాబట్టి పైథాన్ దాన్ని అలాగే వదిలేసింది. అదే నీ ఫోల్డర్ పేరు అందరిలాగా టెంప్లేట్స్ అయి ఉంటే, బ్యాక్‌స్లాష్, టి కలిసి ట్యాబ్ అయిపోయి మొదటిరోజే దొరికిపోయేవాడివి. డెస్క్‌టాప్ మీది ఫోల్డర్‌ని "సి:\యూజర్స్\..." అని నేరుగా కాపీ చేసి అతికించినవాళ్ళు యూనికోడ్ ఎర్రర్ చూసి బెదిరిపోయేది కూడా ఇందుకే. బ్యాక్‌స్లాష్ పక్కన పెద్ద యూ వస్తే పైథాన్ 3 ఆ తర్వాత ఎనిమిది అంకెల యూనికోడ్ నంబరు కోసం చూస్తుంది. అక్కడ ఉన్నదేమో "సర్స్". పైథాన్ 3.12 నుంచి నీ హెచ్ లాంటి వాటికి కూడా సింటాక్స్ వార్నింగ్ కనిపిస్తుంది. వార్నింగే కదా అని వదిలెయ్యకు.

లైనక్స్ సంగతి వేరు. అక్కడ బ్యాక్‌స్లాష్ ఫోల్డర్లని విడదీసే గుర్తు కాదు, పేరులో ఉండదగ్గ మామూలు అక్షరం. అందుకని 'యార్డ్\హెచ్‌టీఎంఎల్' అంటే యార్డ్ లోపలున్న హెచ్‌టీఎంఎల్ కాదు, మొత్తం కలిపి ఒకే ఫోల్డర్ పేరు. అలాంటి ఫోల్డర్ నీ దగ్గర లేదు. టెంప్లేట్ దొరకలేదు.

ఈ రెండు స్లాష్‌ల గొడవ పాతది. లైనక్స్‌కి మాదిరి అయిన యూనిక్స్ వాళ్ళు మొదటినుంచీ ముందు స్లాషే (/) వాడారు. మైక్రోసాఫ్ట్ వాళ్ళు 1983లో ఎంఎస్-డాస్ 2.0లో ఫోల్డర్లు తెచ్చేసరికి, ఆ గుర్తు అప్పటికే కమాండ్లకి ఆప్షన్లు ఇవ్వడానికి వాడుకలో ఉంది. దాంతో తిరగేసిన స్లాష్ తీసుకున్నారు. చాలామందికి తెలియనిది ఏంటంటే, ప్రోగ్రామ్‌ల నుంచి ఫైలు తెరిచేటప్పుడు విండోస్ ముందు స్లాష్‌ని కూడా ఒప్పుకుంటుంది. పాత జాంగో సెట్టింగ్స్ ఫైల్లో టెంప్లేట్ల దగ్గర ఒక కామెంట్ వచ్చేది: విండోస్ మీదైనా సరే ఎప్పుడూ ముందు స్లాషే వాడండి అని. దాన్ని చెరిపేసి బ్యాక్‌స్లాష్ రాసినవాళ్ళలో నేనూ ఉన్నా.

సరే, రాయాల్సింది ఇది:

బేస్_డిర్ = పాత్(__ఫైల్__).రిజాల్వ్().పేరెంట్.పేరెంట్

బేస్_డిర్ / 'యార్డ్' / 'హెచ్‌టీఎంఎల్'

మొదటి లైను జాంగో 3.1 నుంచి, అంటే 2020 నుంచి, కొత్త ప్రాజెక్టులో దానంతటదే వస్తుంది. పాత్‌లిబ్ అనే ఈ మాడ్యూల్ పైథాన్ 3.4 నుంచీ ఉంది. ఆ లైను చేసే పని, ఈ సెట్టింగ్స్ ఫైలు ప్రస్తుతం ఏ మెషీన్‌లో ఎక్కడుందో కనుక్కుని, రెండు మెట్లు పైకెళ్ళి, అదే ప్రాజెక్టు ఇల్లు అని గుర్తుపెట్టుకోవడం. మిగతా పాత్‌లన్నీ ఆ ఇంటి నుంచే కొలవాలి. మధ్యలో కనిపించే స్లాష్ స్ట్రింగ్‌లో లేదు, బయట ఉంది చూడు. అది పైథాన్ ఆపరేటర్. విండోస్‌లో ఏ గుర్తు పెట్టాలో, లైనక్స్‌లో ఏది పెట్టాలో అదే చూసుకుంటుంది.

రెండు చోట్ల కాలు జారుతుంది. సెట్టింగ్స్ ఫైలుని రేపు బేస్, లోకల్, ప్రొడక్షన్ అని మూడుగా విడగొట్టి సెట్టింగ్స్ అనే ఫోల్డర్‌లో పెడతావు. అప్పుడు ఫైలు ఒక మెట్టు లోపలికి పోయింది కాబట్టి ఇంకో పేరెంట్ చేర్చాలి. ఇది మర్చిపోయి సాయంత్రమంతా తల పట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశా. రెండోది, బేస్_డిర్ / '/మీడియా' అని లోపలి పేరుకి ముందు స్లాష్ తగిలించడం. స్లాష్‌తో మొదలైతే అది మొదటినుంచీ పూర్తి పాత్ అని లెక్క. అప్పటిదాకా ఉన్నది మొత్తం పారేస్తుంది. లైనక్స్‌లో నేరుగా రూట్‌లో ఉన్న మీడియా అవుతుంది, విండోస్‌లో అదే డ్రైవ్ మొదట్లో ఉన్న మీడియా అవుతుంది. పాత ఓఎస్.పాత్.జాయిన్ కూడా ఇంతే. ఎర్రర్ చెప్పదు, నిశ్శబ్దంగా వేరే ఫోల్డర్‌కి పోతుంది.

పూర్తి పాత్‌లు అసలు వాడకూడదని కాదు. అప్‌లోడ్ అయిన ఫోటోలు కోడ్‌తో పాటు ఉండకపోవడమే మేలు, సర్వర్‌లో వాటికి వేరే డిస్క్ ఉండొచ్చు. కాకపోతే ఆ పాత్ మెషీన్‌కి సంబంధించింది, కోడ్‌కి కాదు. దాన్ని ఆ మెషీన్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కోడ్ బయట, ఆ మెషీన్‌లోనే పేరు పెట్టి దాచే విలువ) పెట్టు. వేరియబుల్ లేకపోతే బేస్_డిర్ కింద మీడియా తీసుకోమని సెట్టింగ్స్‌లో రాయి. కోడ్‌లో పూర్తి పాత్ రాయడం అంటే కందుకూరు వాళ్ళు అడ్రస్‌లో జిల్లా పేరు చెక్కించుకున్నట్టు. 1970 దాకా నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. ఊరు అంగుళం కదల్లేదు, కాగితాలు మాత్రం మారుతూనే ఉన్నాయి.

రెండో తేడాకి, అదే కొన్ని ఫోటోలు రాకపోవడానికి, స్లాష్‌తో సంబంధం లేదు. గ్యాలరీ టెంప్లేట్‌లో నువ్వు ఫైలు పేర్లన్నీ చిన్నక్షరాల్లో రాశావు. యార్డులో ఫోటోలు తీసిన కెమెరా పేరూ, చివర జెపిజీ కూడా పెద్దక్షరాల్లో పెట్టింది. విండోస్‌లో మామూలుగా రెండూ ఒకటే ఫైలు. మ్యాక్‌లో కూడా మామూలు సెట్టింగ్‌లో ఒకటే. అందుకే నీకూ నీ స్నేహితుడికీ ఇద్దరికీ కనపడలేదు. లైనక్స్‌కి అవి రెండు వేర్వేరు ఫైళ్ళు. మన తెలుగు లిపిలో పెద్దక్షరం చిన్నక్షరం అనే తేడానే లేదు కాబట్టో ఏమో, ఈ తప్పు మన కంటికి అంత తొందరగా ఆనదు.

సరిచేసేటప్పుడు ఒక మెలిక ఉంది. విండోస్‌లో ఫైలు పేరుని పెద్దక్షరాల నుంచి చిన్నక్షరాలకి మార్చి గిట్‌లో (కోడ్ మార్పుల్ని దాచిపెట్టే సాధనం) కమిట్ చేద్దామంటే, గిట్ "మార్పేమీ లేదు" అంటుంది. విండోస్‌లో అది అక్షరాల సైజు పట్టించుకోకుండా ఉండేలా సెట్ అయి ఉంటుంది. గిట్ ఎంవీ కమాండ్‌తోనే పేరు మార్చు. పాత గిట్ అయితే ముందు వేరే పేరుకి, అక్కడి నుంచి కావలసిన పేరుకి, రెండు అడుగుల్లో మార్చు.

సర్వర్‌కి పంపకముందే ఇలాంటివి పట్టుకోవాలంటే డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపలే లైనక్స్ నడిపే ఏర్పాటు) ఉబుంటు వేసుకుని ప్రాజెక్టు ఒకసారి అందులో నడిపి చూడు. అయితే సి డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్‌నే అక్కడి నుంచి తెరిస్తే లాభం లేదు. అది ఇంకా విండోస్ డిస్కే, దాని పద్ధతే నడుస్తుంది. ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోకి గిట్ క్లోన్ చేసి అక్కడ నడపాలి.

ఇక మూడోది. ఇదేందబ్బా, పేజీలో కనిపించే ఫోటో పీడీఎఫ్‌లో ఎందుకు రాదు అని నువ్వు అడగడం నాకు నచ్చింది. మిగతావాళ్ళయితే పీడీఎఫ్ లైబ్రరీని తిట్టుకుని ఇంకోటి వేసుకునేవాళ్ళు.

నువ్వు ఫోటోల కోసం జాంగో ఇచ్చే ఇమేజ్ ఫీల్డ్ వాడకుండా సొంతంగా అప్‌లోడ్ రాసుకున్నావు. ఫైలు సేవ్ చేసిన పాత్‌నే మామూలు టెక్స్ట్ కాలమ్‌లో దాచావు. ల్యాప్‌టాప్‌లో ఉండగా ఎక్కించిన ఫోటోలకి డేటాబేస్‌లో ఇలా పడింది: స్లాబ్స్\2024\లాట్12.జెపిజి. అదే డేటాబేస్‌ని సర్వర్‌కి తెచ్చావు. పేజీలో ఆ విలువ లింకుగా వెళ్ళినప్పుడు, బ్రౌజర్ అందులోని బ్యాక్‌స్లాష్‌లని తనంతట తానే ముందు స్లాష్‌లుగా మార్చేసుకుంటుంది. వెబ్ అడ్రస్‌ల విషయంలో బ్రౌజర్లు పాటించే నియమమే అది. అందుకని ఫోటో వచ్చేసింది, తప్పు దాగిపోయింది. పీడీఎఫ్ తయారుచేసే కోడ్ బ్రౌజర్ దగ్గరికి పోదు. నేరుగా లైనక్స్‌ని ఫైలు అడుగుతుంది. లైనక్స్ ఆ మొత్తాన్ని ఒకే పేరుగా చదువుకుని, అలాంటి ఫైలు లేదంటుంది. సర్వర్ మీదకి వచ్చాక ఎక్కించిన ఫోటోలు పీడీఎఫ్‌లో బాగానే వస్తున్నాయి కదా? వస్తాయి, ఎందుకంటే వాటికి ముందు స్లాష్ పడింది. ఒకసారి చూసి చెప్పు.

అసలు తప్పు స్లాష్ కాదు, మూడు వేర్వేరు వస్తువుల్ని ఒకటే అనుకోవడం. డిస్క్ మీద ఫైలు ఎక్కడుందో చెప్పేది ఒకటి. అది పాత్‌లిబ్ పని, మెషీన్‌ని బట్టి మారుతుంది. బ్రౌజర్‌కి ఇచ్చే లింకు ఇంకోటి. మీడియా_యూఆర్‌ఎల్, స్టాటిక్_యూఆర్‌ఎల్ ఎప్పటికీ మామూలు స్ట్రింగులే, ముందు స్లాషే, వాటిని పాత్‌లిబ్‌తో గానీ జాయిన్‌తో గానీ కట్టకూడదు. డేటాబేస్‌లో దాచేది మూడోది. అది ఏ మెషీన్‌కీ చెందకూడదు. మీడియా ఫోల్డర్ నుంచి లోపలి భాగం మాత్రమే, ముందు స్లాష్‌లతో దాచాలి. సేవ్ చేసే ముందు యాజ్_పోసిక్స్() అంటే చాలు. జాంగో ఇమేజ్ ఫీల్డ్ అయితే ఇదంతా తనే చూసుకుంటుంది, ఇప్పటికైనా దానికి మారితే మంచిది.

ఇవి కాక నువ్వు అడగని ఒకటి చెప్తా, ఎందుకంటే నీ సెట్టింగ్స్‌లో అది పొంచి ఉంది. డేటాబేస్ (నీది ఎస్‌క్యూలైట్, అంటే మొత్తం ఒకే ఫైల్లో ఉండే రకం) పేరు దగ్గర ఉత్తినే 'డీబీ.ఎస్‌క్యూలైట్3' అని రాశావు, ముందు బేస్_డిర్ లేదు. అలా రాస్తే ప్రోగ్రామ్‌ని ఏ ఫోల్డర్‌లో నిలబడి మొదలుపెట్టారో అక్కడ వెతుకుతుంది. నెల్లూరులో "గాంధీబొమ్మ నుంచి రెండో సందు" అంటే ఎవరైనా వస్తారు. ఉత్తినే "రెండో సందు" అంటే, ఎవరు ఎక్కడ నిలబడి ఉంటే అక్కడినుంచి లెక్కపెడతారు.

నేను దీనికి బలైనవాణ్ణే. కావలి వైపు రొయ్యల మేత అమ్మే ఒక డీలర్‌కి లెక్కల ప్రోగ్రామ్ రాసిచ్చా. రోజూ పొద్దున ఆరింటికి చెరువుల వాళ్ళ బాకీల లిస్టు ఆయన ఫోన్‌కి పోవాలి. చేత్తో నడిపితే సరిగ్గా వచ్చింది. క్రాన్‌లో (లైనక్స్‌లో చెప్పిన టైముకి ప్రోగ్రామ్ నడిపే ఏర్పాటు) పెట్టి ఇంటికొచ్చా. మర్నాడు ఆయన ఫోన్ చేసి, "ఏందయ్యా, ఎవరూ బాకీ లేరంటుంది నీ ప్రోగ్రామ్, అందరూ కట్టేశారా రాత్రికి రాత్రే?" అన్నాడు. క్రాన్ మామూలుగా యూజర్ హోమ్ ఫోల్డర్‌లో నిలబడి పని మొదలుపెడుతుంది. నా ప్రోగ్రామ్ అక్కడ డేటాబేస్ ఫైలు వెతికింది, లేదు. ఎస్‌క్యూలైట్‌కి ఒక అలవాటుంది, ఫైలు లేకపోతే కొత్తది పుట్టిస్తుంది. టేబుల్ లేకపోతే తయారుచెయ్యమని నేనే తెలివిగా ఒక లైను రాసిపెట్టా. ఇంకేం, ఖాళీ డేటాబేస్, ఖాళీ టేబుల్, సున్నా బాకీలు, ఒక్క ఎర్రర్ లేదు. ఆ లైను లేకుండా ఉంటే కనీసం టేబుల్ లేదని అరిచేది. లాగ్ ఫైళ్ళకీ ఇదే వర్తిస్తుంది. సర్వర్‌లో సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసుల్ని మొదలుపెట్టి చూసుకునేది) కింద నడిపితే, వర్కింగ్ డైరెక్టరీ చెప్పకపోతే రూట్ ఫోల్డర్‌లోనే మొదలవుతుంది. అక్కడ మామూలు యూజర్‌కి రాసే పర్మిషన్ ఉండదు. లాగ్ పెట్టే ఫోల్డర్‌ని కూడా జాంగో పుట్టించదు. సెట్టింగ్స్‌లోనే ఎంకేడిర్‌తో, ఉన్నా ఫర్వాలేదు అనే ఆప్షన్‌తో తయారుచేసుకో.

ఫైలు పేర్లు తెలుగులో పెట్టే అలవాటు మీ యార్డు వాళ్ళకి ఉందని రాశావు. ఇక్కడ కొంచెం ఆగాలి. తెలుగు పేర్లు ఈరోజు ఏ సిస్టమ్‌లోనైనా ఉంటాయి, అది ఇబ్బంది కాదు. కానీ లైనక్స్‌లో మామూలుగా వాడే ఎక్స్‌ట్4 డిస్క్‌లో ఒక ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) మన అక్షరం ఒక్కోటీ, గుణింతం గుర్తు ఒక్కోటీ, పొల్లు ఒక్కోటీ మూడేసి బైట్లు. "నెల్లూరు" అని రాస్తే కంటికి మూడు అక్షరాలు, లోపల ఎనిమిది గుర్తులు, 24 బైట్లు. అంటే మొత్తం మీద 85 గుర్తులకి మించి పట్టవు. విండోస్‌లో ఆ లెక్క బైట్లలో కాదు, 255 గుర్తుల దాకా పోవచ్చు. "చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, ఫలానా లాట్, ఫలానా పార్టీకి చూపించింది" అని వాక్యమంతా పేరుగా పెట్టే గుమాస్తా ఉంటే, విండోస్‌లో సేవ్ అయిన ఫైలు సర్వర్‌కి ఎక్కదు.

ఇంకోటి ఇంకా చిత్రం. ఇమేజ్ ఫీల్డ్‌తో అప్‌లోడ్ అయిన పేరుని జాంగో శుభ్రం చేస్తుంది, అక్షరాలు అంకెలు కానివాటిని తీసేస్తుంది. పైథాన్ లెక్కలో మన గుణింతాలు, పొల్లు "అక్షరాలు" కావు. చీమకుర్తి అని పేరున్న ఫైలు ఎక్కించి చూడు, సర్వర్‌లో "చమకరత" అని పడుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను ఫాంట్ పోయిందనుకున్నా. మ్యాక్ నుంచి వచ్చిన పాత జిప్ ఫైళ్ళలో ఐత్వం రెండు ముక్కలుగా ఉండే అవకాశం కూడా ఉంది. కంటికి "సైజు" అనే కనిపిస్తుంది, పోల్చి చూస్తే వేరే పేరు. అందుకని నా పద్ధతి చెప్తా. డిస్క్ మీద పేరు నేనే ఇస్తా, రికార్డు నంబరో యూయూఐడీనో (ఇంకోదానితో కలవకుండా కంప్యూటర్ పుట్టించే పొడవాటి నంబరు), చిన్నక్షరాల్లో. వాళ్ళు పెట్టిన తెలుగు పేరుని డేటాబేస్‌లో వేరే కాలమ్‌లో పువ్వులా దాచి, డౌన్‌లోడ్ చేసేటప్పుడు అదే చూపిస్తా.

షెల్ స్క్రిప్టు గురించి ఒక్క ముక్క. విండోస్‌లో రాసిన డిప్లాయ్ స్క్రిప్టు సర్వర్‌లో "అలాంటి ఫైలు లేదు" అంటే, ఫైలు కళ్ళముందే ఉన్నా నమ్మకం కుదరక మళ్ళీ మళ్ళీ పాత్ చూసుకోకు. లైను చివర విండోస్ తగిలించే అదనపు గుర్తు అది. గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైల్లో షెల్ స్క్రిప్టులకి ఎల్ఎఫ్ (లైనక్స్ పద్ధతి లైను ముగింపు) అని పెట్టు, పోతుంది.

ఇప్పుడు పాత రికార్డులు సరిచెయ్యాలి. సర్వర్ మీద మామూలు పాత్‌తో చదివితే అది లైనక్స్ పాత్ అవుతుంది, బ్యాక్‌స్లాష్‌లని విడగొట్టదు. ప్యూర్‌విండోస్‌పాత్ వాడు. అది లైనక్స్‌లో నడుస్తూనే విండోస్ పద్ధతిలో చదువుతుంది:

ప్యూర్‌విండోస్‌పాత్(రికార్డ్.ఫోటో).యాజ్_పోసిక్స్()

దీనికి ముందు స్లాష్ కూడా తెలుసు కాబట్టి, ఇప్పటికే సరిగ్గా ఉన్న రికార్డులు చెడిపోవు, రెండుసార్లు నడిపినా ఏమీ కాదు. వేటికైనా "డి:" తో మొదలయ్యే పూర్తి పాత్ పడి ఉంటే వాటికి ముందు రిలేటివ్_టు పెట్టి, డి డ్రైవ్‌లోని మీడియా ఫోల్డర్ దాకా కత్తిరించాలి. డేటాబేస్ కాపీ ఒకటి పక్కన పెట్టుకో. మొదట ఐదు రికార్డులకి మార్పు ముందు విలువ, తర్వాత విలువ ప్రింట్ చేసి చూడు. మారిన పాత్‌లో నిజంగా ఫైలు ఉందో లేదో ఎగ్జిస్ట్స్()తో అడిగించు. లేనివి లిస్టుగా రాయించు, అందులో సగం పెద్దక్షరాల కేసులే అయ్యుంటాయి. ఆ లిస్టు ఇక్కడ పెట్టు, మిగతావి చూద్దాం.